వుజూ నీటితో వావిలి పొద: పిట్టలకు, తేనెటీగలకు ఒక సదఖా



గౌరవనీయులైన దాతలకు, సోదర సోదరీమణులకు మనవి. ప్రతి ఏటా ఈ సంచికలో పిల్లల చదువులు, వితంతు సోదరీమణుల పింఛన్లు, రంజాన్ కిట్లు, వైద్య సహాయం గురించి మేము మీకు లెక్క చెప్పుకుంటున్నాం. ఈసారి వాటితోపాటు ఒక పొద గురించి కూడా చెప్పవలసి వచ్చింది. యతీమ్‌ఖానాను చూడడానికి వచ్చిన కొందరు దాతలు ప్రహరీ పక్కన పెరిగిన పొదలను చూసి, "పిల్లల అన్నానికని ఇచ్చిన డబ్బుతో పొదలు పెంచుతున్నారేమిటి?" అని అడిగారు. ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది. అడిగినదానికి జవాబు చెప్పడం మా బాధ్యత.

ముందుగా డబ్బు సంగతి. జకాత్ సొమ్మును ఎవరెవరికి ఖర్చు చేయాలో దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా నిర్ణయించింది. మొక్కలు అందులో లేవు. కాబట్టి జకాత్ నుంచి ఒక్క రూపాయి కూడా దీనికి వాడలేదు. పైపుకు, ఇసుకకు, కంచెకు అయిన ఖర్చు లిల్లాహ్ పద్దు నుంచి తీశాం. మొక్కలకైతే ఖర్చే లేదు. కాలువ గట్టు మీద కొట్టి తెచ్చిన కొమ్మ ముక్కలే అవి.

ఇక అసలు ప్రశ్న. ఆ పొద ఎందుకు?

బురద గుంట నుంచి మొదలు

యతీమ్‌ఖానా ఆవరణలోని మస్జిద్ వెనుక వుజూఖానా మీకు తెలిసిందే. ఐదు పూటలా అక్కడ నీరు పారుతుంది. జుమా రోజు ఇంకా ఎక్కువ. ఆ నీరంతా ఆవరణ మూలకు చేరి నిలిచిపోయేది. పైన పచ్చటి పాచి, చుట్టూ బురద, సాయంత్రమైతే దోమలు. వానాకాలంలో పిల్లలకు జ్వరాలు వచ్చినప్పుడు డాక్టరుగారు మందులు రాసి, నిలవనీటిని ముందు తీసివేయమన్నారు.

అప్పుడే ఒక పెద్దమనిషి తన తల్లి ఈసాలె సవాబ్ కోసం ఆవరణ మొత్తం సిమెంటు చేయించి బండలు పరిపిస్తానని ముందుకొచ్చారు. మంచి మనసుతో ఇచ్చిన మాట. కాని వాలు చూస్తే, బండలు వేస్తే నీరు గేటు దాటి వీధిలోకి పోతుంది. అక్కడ ఎదురింటివారి గుమ్మం ముందు నిలుస్తుంది. మన బురద పొరుగువారి బురద అవుతుంది. పొరుగువారి హక్కు గురించి మన దీన్ ఎంత గట్టిగా చెప్పిందో మనకు తెలుసు. అందుకని గోడ వెంట ఆరడుగుల వెడల్పున నేలను మట్టిగానే వదిలి, మిగతా చోట మాత్రమే బండలు వేయమని ఆయనను కోరాం. ఆ ఆరడుగుల పట్టీలోనే ఈ పొదలు పెరిగాయి.

వుజూ నీరు మొక్కలకు పనికొస్తుందా?

పనికొస్తుంది. వుజూలో సబ్బు వాడం. కడిగేది చేతులు, నోరు, ముక్కు, ముఖం, పాదాలు. కాబట్టి ఆ నీటిలో ఉండేది కాస్త దుమ్ము, చెమట మాత్రమే. వంటగది నీటిలో నూనె, ఉప్పు, సబ్బు ఉంటాయి. మరుగుదొడ్ల నీటి సంగతి చెప్పనక్కరలేదు. ఈ మూడింటిని ఎప్పుడూ ఒకే కాలువలో కలపకూడదు. కలిస్తే వుజూ నీరు కూడా పాడవుతుంది.

షరీయత్ ప్రకారం చూసినా అభ్యంతరం లేదు. ఒకసారి వుజూకు వాడిన నీటితో మళ్ళీ వుజూ చేయడం కుదరదని హనఫీ ఉలమా చెబుతారు. అయినా ఆ నీరు నజిస్ కాదు, పాక్ నీరే. మొక్కకు పోయవచ్చు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నీరు మొక్కలకు పోతోంది కదా అని కుళాయి ధారగా వదలడం సరికాదు. పారే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీటిని దుబారా చేయవద్దని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన ఒక్క ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసుల్లో ఉంది. ముద్ద్ అంటే నేటి కొలతలో దాదాపు లీటరుకు మించదు. మీ మస్జిద్‌లో ఒకసారి కుళాయి కింద బకెట్ పెట్టి, ఒక మనిషి వుజూకు ఎన్ని లీటర్లు పోతున్నాయో కొలిచి చూడండి. కుళాయిలను సన్నధార వచ్చేవాటిగా మార్చడం మొదటి పని, మొక్క నాటడం రెండో పని.

వావిలే ఎందుకు?

తడి నేలను ఇష్టపడాలి, వేసవిలో నీరు తగ్గినా చావకూడదు, మేకలు తినకూడదు, మన నేల మొక్కే అయి ఉండాలి. ఈ నాలుగు షరతులు పెట్టుకుని చూస్తే వావిలి దొరికింది. పల్లెల్లో పెరిగినవారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. కాలువ గట్ల మీద, చెరువు కట్టల దగ్గర, వాగు ఒడ్డున దానంతట అది పెరిగే పొద. బాలింతల స్నానానికి వావిలాకు మరిగించిన నీళ్ళు పోయడం మన ఇళ్ళలోనూ, హిందూ సోదరుల ఇళ్ళలోనూ ఉన్న అలవాటే. కీళ్ళ నొప్పులకు ఆ ఆకుతో కాపడం పెడతారు. ధాన్యంలో పురుగు పట్టకుండా ఎండు ఆకు కలుపుతారు.

సంస్కృతంలో దీన్ని నిర్గుండి, సింధువారం అంటారు. ఉర్దూలో సంభాలు. యునానీ హకీములు వాడే తుఖ్మె సంభాలు ఈ జాతి మొక్కల గింజలే. దీని దగ్గరి చుట్టమైన మొక్కను పారశీకంలో పంజ్ అంగుష్త్ అంటారు, అంటే ఐదు వేళ్ళు. వావిలి ఆకు చూస్తే ఆ పేరు ఎందుకో తెలుస్తుంది. ఒకే తొడిమ నుంచి ఐదు ఆకులు చేతివేళ్ళలా విచ్చుకుని ఉంటాయి. కొన్నిటికి మూడే ఉంటాయి. పైన ముదురు ఆకుపచ్చ, కింద వెండిలాంటి తెలుపు. నలిపితే ఘాటైన వాసన. లేత కొమ్మ గుండ్రంగా కాక నాలుగు పలకలుగా ఉంటుంది. కొమ్మల చివర నీలం, ఊదా కలిసిన చిన్న పూలు గుత్తులుగా పూస్తాయి. కాయలు మిరియాలంత ఉండి, పండితే నల్లబడతాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు వైటెక్స్ నెగుండో. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు అది.

వదిలేస్తే పదిహేను అడుగుల దాకా పెరిగి చిన్న చెట్టవుతుంది. కత్తిరిస్తూ ఉంటే ఆరడుగుల కంచెలా నిలుస్తుంది. మొదలంటా నరికినా మళ్ళీ చిగురిస్తుంది. ఘాటు వాసన వల్ల పశువులు, మేకలు దీన్ని అంతగా ముట్టవు. గేటు ఎప్పుడూ తెరిచి ఉండే ఆవరణకు ఇది చిన్న సౌకర్యం కాదు.

త్వరగా పచ్చగా కనిపిస్తుందని మన ఊళ్ళలో చాలాచోట్ల విదేశీ కోనోకార్పస్ నాటారు. దానివల్ల వచ్చే ఇబ్బందులు చూసి 2023లో గుజరాత్ ప్రభుత్వం ఆ మొక్కను నాటడమే నిషేధించింది. సీతాకోకచిలుకలు వాలుతున్నాయని లాంటానా పెంచేవారు కూడా ఉన్నారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చి మన అడవులను ఆక్రమించిన కంప. పిట్టలు దాని పండ్లు తిని గింజలను ఎక్కడెక్కడికో చేరుస్తాయి. ఉచితంగా ఇచ్చినా దాన్ని నాటవద్దు.

మేము నాటిన పద్ధతి, చేసిన తప్పు

మొదటిసారి మేము తొందరపడ్డాం. వావిలికి తడి ఇష్టమని విని, కొమ్మ ముక్కలను నేరుగా ఆ బురద గుంట అంచునే గుచ్చాం. రెండు వారాలకు సగానికి పైగా కుళ్ళిపోయాయి. కాలువ గట్టు మీద బతికే మొక్కకు, కాలువ లోపల బతికే మొక్కకు తేడా ఉందని అప్పుడు తెలిసింది. వావిలి వేళ్ళు తడిని వెతుక్కుంటాయి, కాని వేరు వేయని ముక్క నిలవనీటిలో ఉంటే ఊపిరాడక కుళ్ళుతుంది. రెండోసారి గట్టు పోసి నాటాం.

మీ మస్జిద్‌లోనో, మదరసాలోనో, ఇంటి పెరట్లోనో నాటదలచుకుంటే ఈ వరుస పాటించండి.

1. వుజూ నీటి పైపు ముందు ఒక చిన్న తొట్టిలో పడాలి. అడుగున కంకర, పైన ఇసుక వేయండి. చెత్త అక్కడే ఆగుతుంది. వారానికోసారి పైపైన ఇసుక గోకి శుభ్రం చేయాలి.

2. తొట్టి నుంచి గోడకు సమాంతరంగా అడుగు లోతున బోదె తీయండి. వాలు కొద్దిగా ఉంటే చాలు. తీసిన మట్టిని బోదె పక్కనే గట్టుగా పోయండి.

3. బోదె చివర ఇంకుడు గుంత ఉండి తీరాలి. జుమా రోజు, ఈద్ రోజు వచ్చే నీటినంతా మొక్కలు తాగలేవు. మిగిలింది అక్కడ ఇంకిపోవాలి. నీరు ఎక్కడా ఒక రోజుకు మించి నిలవకూడదు.

4. తొలకరి పడ్డాక, జూన్ నుంచి ఆగస్టు లోపు, పెన్సిల్ లావు ముదురు కొమ్మలను జానెడు పొడవు ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్కకు మూడు నాలుగు కణుపులు ఉండాలి. రెండు కణుపులు మట్టిలో, మిగతావి పైన. తలకిందులుగా గుచ్చకుండా చూసుకోండి. పిల్లలు చేసే తప్పు అదే. నేరుగా గట్టు మీద నాటవచ్చు, సంచుల్లో వేరు పోయించి తర్వాత నాటినా సరే.

5. మొక్కకూ మొక్కకూ నాలుగైదు అడుగులు, గోడకు కనీసం మూడడుగులు ఎడం ఉంచండి. ఎండ బాగా తగిలే చోటు కావాలి. నీడలో పెరుగుతుంది గాని పూత తగ్గుతుంది. పూత లేకపోతే తేనెటీగలు రావు.

6. గుంతలో మాగిన పశువుల ఎరువు ఒక గంప చాలు. రసాయన ఎరువు అక్కరలేదు. మొదట్లో రాలిన ఆకులతో కప్పితే తడి ఆరదు.

7. బోదె అంచున వట్టివేరు నాటండి. అదీ మన నేల గడ్డే, తడినేలను ఇష్టపడేదే. వేళ్ళు లోతుకు దిగి గట్టు కోసుకుపోకుండా పట్టుకుంటాయి. మనం ఖస్ అనే అత్తరు దాని వేళ్ళ నుంచి వచ్చేదే.

8. మొదటి రెండు వేసవులు మొక్కను చూసుకోవాలి. సెలవులకు పిల్లలు ఊళ్ళకు వెళితే వుజూ నీరు తగ్గుతుంది. అప్పుడు వారానికి రెండుసార్లు బిందెతో పోయాలి. వేరు దిగిన తర్వాత ఎండకు తట్టుకుంటుంది.

ఎవరెవరు వస్తారు?

రెండో ఏడాది వానాకాలంలో పూత మొదలయ్యాక ముందు తేనెటీగలు వచ్చాయి. తర్వాత పెద్ద నల్ల తుమ్మెదలు. ఆ తర్వాత సీతాకోకచిలుకలు. ఖుర్ఆన్‌లో పదహారో సూరాకు తేనెటీగ పేరే ఉంది. నహ్ల్ అంటే ఏమిటో హిఫ్జ్ క్లాసు పిల్లలకు పుస్తకంలో చెప్పడం వేరు, పొద దగ్గరికి తీసుకెళ్ళి పూల మీద చూపడం వేరు.

పొద గుబురుగా ఉన్నచోట పికిలిపిట్టలు దూరుతున్నాయి. పిల్లి, కాకి నుంచి దాక్కోవడానికి చిన్న పిట్టలకు ఇలాంటి పొదే కావాలి. ఎత్తైన చెట్టు ఒక్కటే ఉంటే చాలదు. పొద పక్కన కాస్త పొడి నేలలో గోరింట, కరివేపాకు, నిమ్మ కూడా పెట్టాం. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద కొన్ని రకాల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ఆకు తిన్న గొంగళిపురుగును చూసి మందు కొట్టవద్దని వంట చేసే అమ్మలకు చెప్పాం. నాలుగు రెమ్మలు పురుగుకు పోతే పోనీ. అదే రేపు రెక్కలతో ఎగిరేది.

జీవాల కోసం పెంచే తోటకు నియమాలు కొద్దివే. పురుగుమందు కొట్టకూడదు. రాలిన ఆకులను కాల్చకూడదు, పొద మొదట్లోనే వేయాలి. లోతులేని మట్టిపాత్రలో నాలుగు గులకరాళ్ళు వేసి నీరు పెట్టి, రోజూ మార్చాలి. పొదలన్నిటినీ ఒకేసారి కత్తిరించకూడదు, ఈ ఏడు సగం, వచ్చే ఏడు సగం. కత్తెర పెట్టే ముందు గూళ్ళున్నాయేమో వెతికి చూడాలి. సహాబాలు ఒక పిట్ట పిల్లలను పట్టుకుంటే తల్లిపిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి, పిల్లలను దాని దగ్గరికి చేర్చమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించిన సంఘటన మనం ఖుత్బాల్లో విన్నదే.

దాతలు అడిగిన సందేహాలు

*వావిలి ఉంటే దోమలు పోతాయా?* పొద ఉన్నంత మాత్రాన పోవు. ఎండు వావిలాకు పొగ వేస్తే కాసేపు దూరంగా ఉంటాయి, అంతే. మా ఆవరణలో దోమలు తగ్గాయంటే గుంటలో నీరు నిలవకపోవడమే కారణం. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులు పడుతుంది. అంతలోపు నీరు ఇంకిపోతే దాని సంతతి ఆగినట్టే. అయితే డెంగీ దోమ శుభ్రమైన నీటిలో పెరుగుతుంది. కూలర్లు, పాత టైర్లు, మూతలేని డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేయకపోతే ఎన్ని పొదలు పెంచినా ప్రయోజనం లేదు.

*పాములు వస్తాయేమో?* పిల్లలున్న చోట ఈ భయం సహజం. పామును రప్పించేవి ఎలుకలు, రాళ్ళగుట్టలు, పాత సామాను. పొద కింద అడుగున్నర ఎత్తు వరకు కొమ్మలు తీసేసి నేల కనిపించేలా ఉంచుతున్నాం. అన్నం మెతుకులు ఆవరణలో పారవేయనివ్వడం లేదు. చీకటి పడ్డాక పిల్లలు అటు వెళ్ళరాదని నియమం పెట్టాం.

*ఆకు మందుగా ఇవ్వవచ్చా?* బయటి నుంచి కాపడానికి, స్నానానికి అడిగినవారికి ఆకు ఉచితంగా ఇస్తున్నాం. కులమతాలు చూడం. కషాయంగా తాగమని మాత్రం ఎవరికీ చెప్పం. ముఖ్యంగా గర్భవతులు డాక్టరునో, అర్హత ఉన్న హకీమునో అడగకుండా లోపలికి తీసుకోకూడదు.

మీకు మా మనవి

ఒక ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గాని, పిట్ట గాని, పశువు గాని తింటే అది నాటినవారికి సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఈ మాట విని ఎంతోమంది మొక్కలు నాటిస్తారు. ఫోటో దిగుతారు. వేసవి వచ్చేసరికి కంచె మిగులుతుంది, మొక్క ఉండదు. పిట్ట తినాలంటే ముందు మొక్క బతకాలి కదా. నాటడానికి ఒక గంట చాలు. బతికించడానికి రెండు వేసవులు కావాలి.

అందుకే మీ నుంచి మూడు కోరుతున్నాం. మొదటిది, మస్జిద్, మదరసా, ఖబరస్తాన్ ప్రహరీ ఏది కట్టించినా, బండలు పరిపించినా, గోడ వెంట కొంత నేలను మట్టిగా వదలమని మేస్త్రీకి చెప్పండి. దీనికి పైసా ఖర్చు లేదు. రెండోది, మొక్కల కోసం విరాళం ఇస్తే దాన్ని మొక్కల కొనుగోలుకు కాకుండా, వేసవిలో నీరు పోసే మనిషి జీతానికని రాసి ఇవ్వండి. మూడోది, కొమ్మ ముక్కలు కావలసినవారు తొలకరిలో మా దగ్గరికి వచ్చి తీసుకెళ్ళండి. కత్తిరింపులో వచ్చినవి పారవేయకుండా ఉంచుతున్నాం.

బండలు పరిపించిన ఆ పెద్దమనిషి పొదలు పూశాక చూడడానికి వచ్చారు. ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూసి, చాలాసేపు మాట్లాడలేదు. తమ ఇంట్లో కాన్పు జరిగిన ప్రతిసారీ అమ్మీ కాగులో మరిగించింది ఈ ఆకేనని, ఇంటి వెనుక కాలువ గట్టున ఉండేదని, ఇప్పుడు ఆ గట్టంతా కాంక్రీటు అయిందని చెప్పారు. ఆమె పేరుతో ఫలకం పెట్టమంటారా అని అడిగాం. వద్దన్నారు. మొక్క పేరు రాయించండి, పిల్లలకు తెలుస్తుంది అన్నారు. ఇప్పుడు అక్కడ ఒక చిన్న రేకు మీద పిల్లలు తెలుగులో వావిలి అని, ఉర్దూలో సంభాలు అని రాసి పెట్టారు. రెండు వేసవుల నీటి ఖర్చు ఆయనే భరిస్తున్నారు.

ఆ తల్లికి, మన నుంచి వెళ్ళిపోయిన పెద్దలందరికీ అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మీరిచ్చే ప్రతి రూపాయినీ, మా చేతులతో పోసే ప్రతి చెంబు నీటినీ స్వీకరించుగాక. ఆమీన్.